ఐదు వేల పట్టుగూళ్ల దూరం

మద్రాసు నుంచి సింగపూరుకు విమానంలో నాలుగు గంటలు. ఈ మాట చెబితే మా హిందూపురం అంగళ్ల వీధిలో సగం మంది ఇప్పటికీ నమ్మరు. మన ఊరి నుంచి అనంతపురం పోయే బస్సు టీకి ఒకసారి, టైరుకు ఒకసారి ఆగితే అంతే పడుతుంది కదా! సముద్రం దాటి ఇంకో దేశం పోవడానికీ అంతేనా అని నోరు తెరుస్తారు. నేను పోయి వచ్చినవాణ్ని. నిజమే, నాలుగు గంటలే. కాకపోతే నాకు పదిన్నర పట్టింది. ఎందుకు పట్టిందో రాస్తే నా పరువు కొంచెం పోతుంది. పోనీ, ఇంకా పోనివాళ్లకు పనికొస్తుంది.

హిందూపురం

మా అక్క రత్నమ్మ పెళ్లయినప్పటి నుంచి సింగపూరులో ఉంటుంది. బావకు అక్కడ ఓడరేవులో ఉద్యోగం. తొంభైల చివర్లో వాళ్ల ఒక్కగానొక్క కూతురు సుధకు అక్కడే పెళ్లి కుదిరింది. శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు ముహూర్తమని మా హిందూపురం అయ్యవారే లగ్నపత్రిక రాశారు.

మా ఇళ్లలో మేనమామ తెచ్చిన చీర కట్టి, వెదురు గంపలో కూర్చోబెట్టి, మేనమామే మోసుకొచ్చి పెళ్లికూతుర్ని పీటల దగ్గర దించాలి. ఆ మేనమామను నేనే. ధర్మవరంలో చీర నేయిస్తున్నానని ఫోనులో చెబితే అక్క ఒక్కటే మాట అంది.

"నా పెళ్లికి మామ పెనుకొండలో ఆగిపాయ. అంగట్లో చీర కట్టుకొని, పక్కింటాయన మోస్తే పోయి కూచున్నా. నా బిడ్డకు అట్ల కాగూడదు శీనా. నువ్వు యాడా ఆగొద్దు."

ఆగనని మాటిచ్చి, బెంగుళూరు పోయి టికెట్ల ఏజెంటు ముందు కూర్చున్నాను.

"మద్రాసు నుంచి నేరుగా పోయేది నాలుగు గంటలు సార్," అన్నాడతను. "కొలంబో మీద పోయేది, ఆగే టైముతో కలిపి పదిన్నర గంటలు. రెండు వేలు తక్కువ."

"గంటలు ఎక్కువ, రేటు తక్కువనా?"

"అవును సార్."

"ఇంకొకసారి చెప్పప్పా."

నాలుగు గజాల బట్ట కంటే పది గజాల బట్ట చవగ్గా ఇస్తామంటే అంగట్లో పుట్టినవాడు ఆగుతాడా? పైగా మధ్యలో ఇంకో దేశం కొసరు. ఏజెంటుకు ఎక్కడ మనసు మారుతుందోనని గబగబా బుధవారం సాయంత్రానికి టికెట్టు రాయించుకున్నాను. బస్సులో తిరిగి వస్తూ అతని అమాయకత్వానికి జాలిపడ్డాను కూడా.

పెనుకొండ

మంగళవారం పొద్దున చీర తెచ్చుకోవడానికి ధర్మవరం బస్సెక్కాను. బస్సు పెనుకొండలో పది నిమిషాలు ఆగింది. తలెత్తి కొండను చూశాను. బండ మీద బండ, వాటి మధ్య ఎక్కడెక్కడో కోటగోడ. నేలకు వెలుగు రాకముందే ఆ కొండ నెత్తిన ఎండ పడుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, అయినా ప్రతిసారీ మెడ నొప్పి పుట్టేదాకా చూస్తాను.

మా మామ ఆగిపోయింది ఈ బస్టాండులోనే. శ్రావణమాసంలో ధర్మవరం నుంచి చీర తీసుకుని వస్తున్న మనిషి, పెళ్లివారికని సీతాఫలాల బేరానికి ఇక్కడ దిగాడు. బుట్ట రేటు నలుగురి దగ్గర అడిగి, మొదటి ఆమె దగ్గరికి తిరిగి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. చీర బస్సులోనే ఉండిపోయింది. రెండో బస్సు మధ్యాహ్నానికి. హిందూపురం ఇంకా నలభై కిలోమీటర్లు. ఆయన చేరేసరికి మా ఇంట్లో విస్తళ్లు ఎత్తేస్తున్నారు. చేతిలో మాత్రం సీతాఫలాలు ఉన్నాయి, రెండు రూపాయలు తక్కువకు.

మామను తలచుకుని నవ్వుకుంటూ, ఉడికించిన శనక్కాయలు అమ్మే ఆమెతో కిటికీలోంచి బేరం మొదలుపెట్టాను. కాయలు సరిగా కనబడక దిగాను. కొలత డబ్బా అడుగు సొట్టపోయిందన్నాను. కండక్టరు విజిల్ వేశాడు.

"ఏమప్పా, బస్సు పోతాండాది, నువ్వు ఇంకా అర్ధరూపాయి కాడే ఉండావు!" అని ఆమే నన్ను తరిమింది.

పరుగెత్తి పట్టుకున్నాను. శనక్కాయలు దొరకలేదు.

ధర్మవరం

గంగప్ప మూడు తరాల నేతగాడు. నేను పోయేసరికి చీర నేత పూర్తయి మగ్గం మీదే ఉంది. పసుపు వన్నె ఒడలు, ఎర్ర అంచు, జరీ చిలకలు. తడిమితే నీళ్లలో చేయి పెట్టినట్టుంది. నేను చీరలమ్మి బతికేవాణ్ని. చీర చూసి నోరు మూసుకోవడం నా వృత్తిధర్మం, మెచ్చుకుంటే రేటు పెరుగుతుంది. ఆ రోజు మూసుకోలేకపోయాను.

"కోసియ్యి గంగప్పా, బస్సుకు పోవల్ల."

"ఈ పొద్దు మంగళారం కదా శెట్టీ. మా ఇంట్లో పెండ్లి చీర మంగళారం కత్తెర చూడదు. రేపు తెల్లారి కోస్తా."

"రేపు సాయంత్రం నాకు విమానం ఉండాది!"

"దానికి చెప్పు, ఒకరోజు నిలబడమని."

ఇంకో రెండు వందలు ఇస్తానన్నాను. గంగప్ప వక్కాకు నమలడం ఆపి నా మొహం చూశాడు.

"దుడ్లు తీసుకొని దినం మారుస్తారా యాడైనా?"

టెలిఫోను బూత్‌కు పోయి బెంగుళూరు ఏజెంటును బతిమాలి టికెట్టు గురువారం సాయంత్రానికి మార్పించాను. శుక్రవారం ఎనిమిది పదికి దిగుతారన్నాడు, అంటే పెళ్లి రోజు పొద్దునే. మార్చినందుకు అతను అడిగింది విని, అతని అమాయకత్వం గురించి నా అభిప్రాయం సవరించుకున్నాను. అక్కకు కూడా ఫోను చేసి, ఎవరూ విమానాశ్రయానికి రావద్దు, పెళ్లిపనులు చూసుకోండి, నేనే ట్యాక్సీ మాట్లాడుకుని వస్తానని గొప్పగా చెప్పాను.

ఆ సాయంత్రం గంగప్ప మగ్గం గుంట అంచున కూర్చుని అడిగాడు.

"సింగపూరు ఎంత దూరం శెట్టీ?"

"మద్రాసు నుంచి రెండు వేల తొమ్మిది వందల కిలోమీటర్లంట."

"ఈడి నుంచి మద్రాసుకు?"

"నాలుగు వందలు అనుకో."

గంగప్ప నవ్వాడు. "ఒక్కో పట్టుగూట్లో ముప్పాతిక కిలోమీటరు పోగు ఉంటాది. ఈ చీరకు ఐదు వేల గూళ్లు పడినాయి. లెక్క నువ్వే వెయ్యి."

వేశాను. మూడు వేల ఏడు వందల యాభై. నమ్మకం కలగక మళ్లీ వేశాను. పుట్టినప్పటి నుంచి హిందూపురం గూళ్ల మార్కెట్టులో బుట్టలు బుట్టలు చూశాను, కిలోల్లో బేరమాడాను. కిలోమీటర్లలో ఎన్నడూ చూడలేదు.

"పోగులన్నీ విప్పి, ఒక కొస ఈ గుంజకు కట్టి నువ్వు పోతాంటే," అన్నాడు గంగప్ప, "ఆ పిల్ల పీటల కాడికి చేరి ఇంకా మిగలతాది."

తెల్లవారి బుధవారం స్నానం చేసి, కత్తెరకు కుంకుమ పెట్టి చీర కోశాడు.

కొలంబో

మద్రాసు దాకా బస్సు ప్రయాణం గురించి రాయను. మొదటి విమానం గురించి కూడా రాయను, కళ్లు మూసుకున్నాను కాబట్టి. కొలంబోలో మాత్రం ఐదు గంటలు బల్ల మీద కూర్చున్నాను, చీర సంచి ఒళ్లో పెట్టుకుని. ఏజెంటు చెప్పిన పదిన్నర గంటల్లో సగం ఈ బల్లేనని అప్పుడు తెలిసింది.

పక్కన ఒక పెద్దాయన, కొలంబోలో దర్జీ. ఆయనకు తమిళం వచ్చు, నాకు బేరమాడేంత వచ్చు. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న కారపు నిప్పట్లు ఆయన తిన్నాడు. ఆయన తాటిబెల్లం లాంటి నల్లబెల్లం ముక్క నేను తిన్నాను. దాని రుచి పొగ వాసనతో మన బెల్లానికి అన్నలా ఉంది. ఆయన నా గడియారం చూసి, అర్ధగంట ముందుకు తిప్పమన్నాడు. ఈమధ్యే వాళ్ల దేశంలో గడియారాలన్నీ ముందుకు జరిపారట.

"మా అమ్మ మాత్రం జరపలేదు," అన్నాడు. "ఆమె ఇంకా పాత టైముకే వండుతుంది. మేము ఆఫీసులకు కొత్త టైముకు పోయి, అన్నానికి పాత టైముకు వస్తాం."

నాకు ఆ తల్లి ఎంతో నచ్చింది. నేనూ తిప్పలేదు. సింగపూరు మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుందని నాకు తెలుసు, అంత తెలియనివాణ్ని కాను. కానీ ముహూర్తం పెట్టింది హిందూపురం అయ్యవారు. ఆయన తన గోడ గడియారం చూసి పెట్టిన తొమ్మిది పన్నెండు హిందూపురం తొమ్మిది పన్నెండే కదా! అది తప్పిపోకుండా చూసుకోవాలంటే నా చేతి గడియారం హిందూపురంలోనే ఉండాలి. ఇంత తెలివి నాకెలా వచ్చిందా అని నాకే ముచ్చటేసింది.

సముద్రం మీద

రెండో విమానంలో నిద్రపోయి, కళ్లకు వెలుగు తగిలి లేచాను. గడియారంలో ఇంకా పావు తక్కువ ఐదు. కిటికీ బయట సూర్యుడు.

చాలా చోట్ల తెల్లవారడం చూశాను, గానీ తెల్లవారడానికి నేనే ఎదురుగా పోవడం అదే మొదలు. కింద మబ్బులు దూది ఆరబోసినట్టున్నాయి. వాటి మధ్య సందుల్లో నీళ్లు, నల్లగా మొదలై, రాగి రంగయి, నేను చూస్తుండగానే గంగప్ప నేసిన పసుపు వన్నెకు వచ్చాయి. పెనుకొండ కొండ నెత్తికి ముందుగా ఎండ తగిలినట్టు, కింద ఓడల్లో వాళ్లకు ఇంకా రాని పొద్దు మా మొహాల మీద పడుతోంది. ముందు తెర మీద ఒక బుల్లి విమానం బొమ్మ, కొలంబో నుంచి సింగపూరుకు గీసిన గీత, మొత్తం రెండు వేల ఏడు వందల కిలోమీటర్లని అంకె.

ఒళ్లో సంచి తడిమాను. ఈ గీత కన్నా పొడవైన పోగు నాలుగు మడతల్లో నా ఒళ్లో ఉంది. ఐదు వేల పురుగులు తలకొక ముప్పాతిక కిలోమీటరు కక్కిపోయాయి. ఏ పురుగూ చేటంత చోటు కూడా దాటి ఎరగదు. నేను కన్నీళ్లు సులభంగా పెట్టుకునేవాణ్ని కాదు, అంగట్లో అది అలవాటు కాదు. పక్కాయన నిద్రపోతున్నాడు కాబట్టి పరవాలేదు.

సింగపూరు

దిగేసరికి నా గడియారంలో ఐదూ నలభై. అంటే ముహూర్తానికి మూడున్నర గంటలు. ఆ విమానాశ్రయంలో నేల మీద ఎవరి నీడ వాళ్లకు కనిపిస్తోంది. చెప్పులు విడవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. ఇళ్లలో కూడా పెంచలేని చెట్లు కప్పు కింద పెరుగుతున్నాయి. చేయి పెడితే నీళ్లు, తీస్తే ఆగిపోయే కొళాయి కింద ఆరుసార్లు చేయి పెట్టాను.

పెళ్లింటికి వట్టి చేతులతో పోకూడదని చాక్లెట్ల డబ్బా అడిగాను. పద్నాలుగు డాలర్లు. పదికి ఇమ్మన్నాను. అమ్మే అమ్మాయి నవ్వి చీటీ చూపించింది. పదకొండన్నాను. మళ్లీ నవ్వింది. అప్పుడు నా ఆఖరి అస్త్రం తీశాను. డబ్బా కింద పెట్టి, మొహం తిప్పుకుని నాలుగడుగులు వేశాను.

ఎవరూ వెనక్కి పిలవలేదు.

మూడుసార్లు అలా వెళ్లి, మూడుసార్లు నాకు నేనే తిరిగి వచ్చాను. నాలుగోసారి పద్నాలుగు డాలర్లూ ఇచ్చేసి, తీపిపాల కాఫీ ఒకటి తాగి, తీరుబడిగా బావ చేతి ఫోనుకు ఫోను చేశాను. అక్క ఎత్తింది. వెనక నాదస్వరం.

"యాడుండావురా?"

"ఈడే అక్కా, ఎయిర్‌పోర్టులో. ఇంకా ఆరున్నరే కదా, మెల్లగా వస్తాండా."

"ఏంది ఆరున్నర? తొమ్మిదయింది! పన్నెండు నిమిషాల్లో ముహూర్తం!"

"ఈడ తొమ్మిదైతే ఏమక్కా? లగ్నపత్రిక రాసింది హిందూపురం అయ్యవారు. హిందూపురంలో తొమ్మిది పన్నెండు కావల్లంటే ఇంకా రెండున్నర గంటలు ఉండాది."

నాదస్వరం మీదుగా అక్క గొంతు లేచింది.

"ఎనిమిదికి దిగినోడివి ఇంతసేపు ఏం కొంటాండావు?"

"చాక్లెట్ల డబ్బా..."

"సీతాఫలాలు," అంది అక్క. "మామ పోలికే. ట్యాక్సీ ఎక్కు."

ఎక్కాను. జీవితంలో మొదటిసారి రేటు అడక్కుండా బండెక్కాను. నడిపే ఆయన చీనా పెద్దమనిషి. నా సంచి, నా మొహం చూసి వచ్చీరాని ఇంగ్లీషులో "పెళ్లా?" అన్నాడు. తలూపాను. "ఎవరిది?" చెల్లెలి కూతురికీ అక్క కూతురికీ ఇంగ్లీషులో తేడా ఎలా చెప్పాలో తెలియక "నాదే" అన్నాను. ఆయన నా నెరిసిన జుట్టు వైపు అద్దంలో జాలిగా చూసి బండి వేగం పెంచాడు. ఒక పక్క సముద్రం, దాని మీద మా అంగళ్ల వీధి పొడవున్న ఓడలు, ఒకటి రెండు కాదు, లెక్కపెట్టలేనన్ని. మరో పక్క ఆకాశంలోకి పోయిన ఇళ్లు, ఒక్కో కిటికీకి ఒక్కో వెదురు గడ, దాని మీద ఆరేసిన బట్టలు. ఇంత ఊళ్లో ఒక్క హారను లేదు. ఇవన్నీ చూశాను. ఏదీ చూడలేదు. నా కళ్లకు పెనుకొండ బస్టాండే కనిపిస్తోంది.

దిగేటప్పుడు చిల్లర వద్దన్నాను. ఆయన ఎనభై సెంట్లూ లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, "అదృష్టవంతుడివి, పరుగెత్తు" అన్నాడు.

గంప

కల్యాణ మండపంలో తొమ్మిదిన్నర దాటింది. మగపెళ్లివారు గడియారాలు చూసుకుంటున్నారు. మేనమామ లేకపోతే పెద్దవారెవరైనా మోయవచ్చని ఎవరో అంటున్నారు. మా అక్క లగ్నపత్రిక పట్టుకుని, పెళ్లి చేయించే అయ్యవారి ఎదురుగా నిలబడి ఉంది. ఆయన తమిళాయన, తెలుగు బాగానే వచ్చు.

"ఈ కాగితం యాడ రాసింది అయ్యా? హిందూపురంలో. ఆడ ఇప్పుడే ఏడు కొట్టింది. తొమ్మిది పన్నెండు దాటిపోయిందని మీరెట్ల అంటారు?"

నా మాటే! నన్ను తిట్టిన నోటితోనే నా మాటే చెబుతోంది.

"అమ్మా, లగ్నం గడియారంలో లేదు, ఆకాశంలో ఉంది," అన్నాడాయన ఓపిగ్గా. "ఏ ఊరి సూర్యుడు ఆ ఊరికే. మీ అయ్యవారు సింగపూరు లెక్కే కట్టి రాశారు."

"సరే. సింగపూరు ఆకాశంలో ఈ పొద్దు అదొక్కటేనా? ఇంకోటి చూపించండి."

"పన్నెండు దాటాక ఒకటుంది. అంత శ్రేష్ఠం కాదు."

"అది వద్దు. దానికి ముందరిది తీయండి. ఉంటాది, లోపల పెట్టింటారు."

అయ్యవారు పంచాంగం తిప్పారు. అక్క కదల్లేదు. మా నాయన అంగట్లో మెట్టు మీద కూర్చుని, పై అర నుంచి చీరలు తీయించుకునే ఆడవాళ్లను చూస్తూ పెరిగిన మనిషి. మంచి సరుకు మొదట చూపించరని ఆమెకు తెలుసు. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు, వేళ్లు లెక్కపెట్టారు, ఇంకో పేజీ తిప్పారు.

"పది నలభైకి ఒకటుందమ్మా. బాగానే ఉంది."

"ముందే చెప్పింటే అయిపోయేది కదా," అని అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది.

చెమటతో చొక్కా అంటుకుపోయి, ఒక చేతిలో చీర, ఒక చేతిలో చాక్లెట్ల డబ్బాతో నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. అక్క దగ్గరికి వచ్చి, నా చేతిలో సంచి తీసుకుని, చీర అంచు ఒక్కసారి బొటనవేలితో తడిమింది.

"పెనుకొండ దాటినావురా శీనా," అంది. చీర తీసుకుని సుధకు కట్టడానికి లోపలికి పోయింది.

గంప చీనా వాళ్ల కూరగాయల బజారులో కొన్నదట. ఇంకా తోటకూర వాసన వస్తోంది. పసుపు చీరలో సుధ అందులో కూర్చుంది. అటు బావ, ఇటు నేను ఎత్తాం. సుధ బరువు గురించి రాయను, ఇది ఆమె కూడా చదువుతుంది. పీటల దాకా పాతిక అడుగులు ఉంటుంది. పదిన్నర గంటలు ఎగిరి వచ్చిన దూరం కన్నా ఆ పాతిక అడుగులే పొడుగనిపించాయి. అయిపోకూడదనీ అనిపించింది.

అక్షింతలు పడ్డాక అయ్యవారు నన్ను పక్కకు పిలిచారు. "ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లు చేయిస్తున్నాను. దక్షిణ దగ్గర బేరమాడినవాళ్లు ఉన్నారు గానీ, ముహూర్తం దగ్గర ఎవరూ ఆడలేదు. మీరు ఏ వ్యాపారం?"

మూడు రోజులున్నాను. మనవాళ్ల అంగళ్లున్న వీధిలో ఒక గొడుగు బేరమాడి, అలవాటుగా నాలుగడుగులు వేశాను. "అన్నా, రా అన్నా!" అని వెనక నుంచి పిలుపు వినబడింది. ఆ పిలుపుకు ప్రాణం లేచి వచ్చి, అడిగిన రేటుకే కొనేశాను.

మళ్లీ ధర్మవరం

తిరిగి వచ్చిన వారానికి గంగప్ప దగ్గరికి పోయాను. మగ్గం మీద ఇంకెవరి చీరో ఎక్కి ఉంది. అంతా విన్నాడు. సముద్రం మీద పొద్దు గురించి చెబుతుంటే మగ్గం తొక్కుతున్న కాలు ఆపేశాడు. చివరికి సుద్దముక్క తీసుకుని మగ్గం గుంజ మీద లెక్క మొదలుపెట్టాడు.

"ఈడి నుంచి మద్రాసు నాలుగు వందలు. నేరుగా పోయింటే రెండు వేల తొమ్మిది వందలు. మొత్తం మూడు వేల మూడు వందలు. నా పోగు నాలుగు వందల యాభై మిగిలేది. నువ్వెట్ల పోయినావు?"

"మద్రాసు నుంచి కొలంబోకు ఏడు వందలు," అన్నాను చిన్నగా. "ఆడి నుంచి రెండు వేల ఏడు వందలు."

కూడాడు. మూడు వేల ఎనిమిది వందలు. తన మూడు వేల ఏడు వందల యాభై పక్కన రాసి, రెండింటి కిందా గీత గీశాడు.

"చూడు శెట్టీ. చవగ్గా వస్తాందని చుట్టు తిరిగి పోయి, నా దారం యాభై కిలోమీటర్లు తక్కువ చేసినావు."

యాభై కిలోమీటర్లు. సుధ పీటల దగ్గర నుంచి వెనక్కి కొలుచుకొస్తే, ధర్మవరానికి అంత దూరంలో దారం ఏ ఊళ్లో అయిపోతుందో ఇద్దరికీ తెలుసు. గంగప్ప సుద్దముక్క పక్కన పెట్టి, కాలు మళ్లీ ఆడిస్తూ తనే అన్నాడు.

"చీర చేరింది, పోనీలే. పోగు మాత్రం పెనుకొండలోనే ఆగింది."